అమెరికాలో జేబులో పట్టే మ్యాగ్నమ్ రివాల్వర్.. కొనే ముందు మనవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇవే!

రాత్రి పదకొండు దాటింది. హైవే పక్కన గ్యాస్ స్టేషన్. కౌంటర్ వెనుక ఒక్కరే. డాలస్ నుంచి అట్లాంటా వరకు ఇలాంటి కౌంటర్ల వెనుక నిలబడే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు స్టోర్ ఓనర్లు, కొందరు చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ ఇక్కడ గుంటూరులోనో, ఖమ్మంలోనో ఉన్న తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే.. "నాన్నా, జాగ్రత్తగా ఉంటున్నావా?"

ఆ ఫోన్ పెట్టేశాక చాలామందికి వచ్చే ఆలోచన కూడా ఒక్కటే. మనమూ ఒక గన్ కొనుక్కుంటే? బట్టల కింద కనపడకుండా రోజూ దగ్గర పెట్టుకోగలిగే చిన్న గన్. దీన్నే అక్కడ కన్సీల్డ్ క్యారీ అంటారు. షాపుకు వెళ్తే కౌంటర్ మీద మొదట కనిపించేవాటిలో చిన్న రివాల్వర్లు ఉంటాయి. వాటిలోనూ ".357 మ్యాగ్నమ్" అని రాసి ఉన్నవి ప్రత్యేకంగా ఆకర్షిస్తాయి. అరచేతిలో పట్టేంత సైజు, సినిమాల్లో విన్న పేరు. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కానీ అసలు కథ అంత సింపుల్ కాదు. ఆ చిన్న గన్ ఎవరికి పనికొస్తుంది? ఎవరికి పనికిరాదు? అసలు కొనే హక్కు ఎవరికి ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు వీసా చూసుకోవాలి.. ఆ తర్వాతే గన్

మోడల్, ధర, సైజు.. ఇవన్నీ తర్వాతి మాట. మనవాళ్లకు మొదటి ప్రశ్న ఇమిగ్రేషన్ స్టేటస్.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవాళ్లు సాధారణంగా తుపాకీ కానీ, తూటాలు కానీ కలిగి ఉండకూడదు. ఎఫ్-1 స్టూడెంట్లు, ఓపీటీలో ఉన్నవాళ్లు, హెచ్-1బీ ఉద్యోగులు, హెచ్-4 మీద ఉన్న భార్యలు, భర్తలు.. అందరూ ఈ లెక్కలోకే వస్తారు. కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. మినహాయింపుల్లో ఎక్కువగా వినిపించేది ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. అయితే అది ఫెడరల్ నిషేధం వరకే. గన్ దాచుకుని తిరిగేందుకు రాష్ట్రం ఇవ్వాల్సిన అనుమతి పూర్తిగా వేరే సంగతి. "హంటింగ్ లైసెన్స్ తీసేసుకో, అన్నీ అయిపోతాయి" అని ఫ్రెండ్స్ చెప్పే సలహా నమ్మి ముందుకెళ్తే చిక్కుల్లో పడేది మనమే.

నిబంధన ఉల్లంఘిస్తే శిక్ష మామూలుగా ఉండదు. 2022లో వచ్చిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలుకు పెరిగింది. దానికి తోడు తుపాకీ నేరాల్లో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేసే అవకాశం ఉంటుంది. అంటే ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్‌కార్డ్ కల అక్కడితో ఆగిపోయినట్టే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయాలు మూడున్నాయి.

మొదటిది షూటింగ్ రేంజ్. వీకెండ్ సరదాగా వెళ్లి అద్దె గన్‌తో నాలుగు రౌండ్లు కాల్చి ఫొటోలు పెట్టడం మామూలైపోయింది. కానీ మినహాయింపు లేని నాన్ ఇమిగ్రెంట్‌కు అద్దె గన్ కూడా చట్టం దృష్టిలో "కలిగి ఉండటం" కిందకే వస్తుంది. ఆ ఫొటోనే రేపు సాక్ష్యం కావచ్చు.

రెండోది వేరొకరి పేరు మీద కొనడం. గ్రీన్‌కార్డ్ ఉన్న అన్నయ్యతోనో, సిటిజన్ అయిన ఫ్రెండ్‌తోనో కొనిపించుకుంటే అది స్ట్రా పర్చేజ్. కొన్నవాళ్లకూ ఫెడరల్ కేసు తప్పదు.

మూడోది ఒకే ఇంట్లో వేర్వేరు స్టేటస్‌లు. భర్తకు గ్రీన్‌కార్డ్ వచ్చింది, తల్లో తమ్ముడో వేరే వీసా మీద ఇంట్లో ఉన్నారు అనుకుందాం. గన్ వాళ్ల చేతికి అందేలా డ్రాయర్‌లో పడేసి ఉంటే సమస్యే. తాళం వేసిన సేఫ్, ఆ తాళం ఓనర్ దగ్గరే ఉండటం తప్పనిసరి. ఇలాంటి ఇళ్లలో కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగడం మంచిది.

మరి ఎవరు కొనొచ్చు? యూఎస్ సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు కొనొచ్చు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. ఫామ్ 4473 నింపాలి. అందులో పౌరసత్వం, వీసా వివరాలు కూడా అడుగుతారు. తప్పు రాస్తే అదే ఇంకో నేరం. ఆ తర్వాత 1998 నుంచి అమల్లో ఉన్న జాతీయ బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది.

అసలు మ్యాగ్నమ్ అంటే ఏంటి?

మ్యాగ్నమ్ అనేది గన్ పేరు కాదు, తూటా పేరు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం గందరగోళం పోతుంది.

1898 నాటికే .38 స్పెషల్ అనే తూటా ఉంది. దశాబ్దాల పాటు అమెరికా పోలీసుల నడుముకు ఉన్న రివాల్వర్లలో ఎక్కువగా వాడింది ఇదే. 1930ల్లో అక్కడ బ్యాంకు దోపిడీ ముఠాలు పెరిగాయి. కార్లు వచ్చాయి, ఉక్కు తలుపులు వచ్చాయి. పాత తూటా చాలట్లేదన్న మాట మొదలైంది. దాంతో 1935లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .357 మ్యాగ్నమ్ రివాల్వర్‌ను తెచ్చింది. మొదటి గన్ అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జె.ఎడ్గార్ హూవర్‌కు వెళ్లింది.

విచిత్రం ఏంటంటే రెండు తూటాల్లోనూ బుల్లెట్ మందం ఒకటే.. 0.357 అంగుళం, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. తేడా అంతా వెనుక ఉన్న మందులో, అది పుట్టించే ఒత్తిడిలో ఉంది. అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం మామూలు .38 స్పెషల్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17 వేల పౌండ్లు. .357 మ్యాగ్నమ్‌కు అది 35 వేలు. అంటే రెట్టింపు పైనే.

అంత ఒత్తిడి తూటాను పాత .38 గన్‌లో పెడితే గన్ పగిలే ప్రమాదం ఉంటుంది. అందుకే మ్యాగ్నమ్ తూటా గొట్టాన్ని సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు పెంచారు. అది .38 గన్‌లో పట్టదు. కానీ రివర్స్‌లో మాత్రం పనిచేస్తుంది. .357 రివాల్వర్‌లో .38 తూటాలు ఎంచక్కా వాడొచ్చు. చిన్న మ్యాగ్నమ్ రివాల్వర్ కొనేవాళ్లకు అసలు లాభం ఇదే. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

చిన్న రివాల్వర్ల కుటుంబం

1950లో స్మిత్ అండ్ వెసన్ ఐదు తూటాల చిన్న రివాల్వర్ తెచ్చింది. పోలీస్ చీఫ్‌ల సదస్సులో దాన్ని చూపించడంతో చీఫ్స్ స్పెషల్ అనే పేరు వచ్చింది. ఆ సైజు ఫ్రేమ్‌నే జె-ఫ్రేమ్ అంటారు. మొదట్లో ఇవి .38 వరకే ఉండేవి. 1990ల మధ్యకు వచ్చేసరికి ఇదే సైజులో మ్యాగ్నమ్ తట్టుకునే మోడళ్లు వచ్చాయి.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి. బరువులన్నీ తూటాలు లేకుండా, కాస్త అటూఇటుగా.

స్మిత్ అండ్ వెసన్ 340 పీడీ.. స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేమ్. బరువు 335 గ్రాముల దరిదాపు. ఐదు తూటాలు.

రూగర్ ఎల్‌సీఆర్.. .357 మోడల్ బరువు సుమారు 485 గ్రాములు. ఐదు తూటాలు. ట్రిగ్గర్ సాఫీగా ఉంటుందని పేరుంది.

స్మిత్ అండ్ వెసన్ 640.. పూర్తిగా స్టీల్. సుమారు 630 గ్రాములు. ఐదు తూటాలు.

కింబర్ కె6ఎస్.. 2016లో వచ్చింది. దాదాపు 650 గ్రాములు. ఇంత చిన్న సైజులోనూ ఆరు తూటాలు పడతాయి.

రూగర్ ఎస్‌పీ101.. గట్టి స్టీల్ గన్. చిన్న బ్యారెల్ మోడల్ దాదాపు 740 గ్రాములు. ఐదు తూటాలు.

కోల్ట్ కింగ్ కోబ్రా క్యారీ.. ఇదీ దాదాపు 740 గ్రాములే. ఆరు తూటాలు.

బ్రెజిల్ కంపెనీ టారస్ చేసే 605 మోడల్ వీటన్నింటిలో జేబుకు తక్కువ భారం. ఐదు తూటాలు.

తేలికైనదే మంచిది అనుకుంటే పొరపాటే

షాపులో 335 గ్రాముల గన్ చేతిలోకి తీసుకుంటే ఎవరికైనా నచ్చేస్తుంది. ఫోన్ కన్నా కాస్త బరువు, అంతే. జేబులో వేసుకున్నా తెలియదు. కానీ అసలు సంగతి ట్రిగ్గర్ నొక్కినప్పుడు తెలుస్తుంది.

లెక్క సింపుల్. తూటా ముందుకు ఎంత జోరుగా వెళ్తే గన్ అంత జోరుగా వెనక్కి తన్నుతుంది. అదే తూటాకు గన్ బరువు సగమైతే, వెనక్కి తన్నే శక్తి రెట్టింపు అవుతుంది. అంటే 740 గ్రాముల ఎస్‌పీ101లో భరించగలిగే మ్యాగ్నమ్ తూటా, 335 గ్రాముల గన్‌లో రెట్టింపు కన్నా ఎక్కువ దెబ్బ కొడుతుంది. బొటనవేలు మొదట్లో, అరచేతిలో నొప్పి మామూలుగా ఉండదు. అనుభవం ఉన్న షూటర్లే ఇలాంటి గన్‌లో ఐదు మ్యాగ్నమ్ తూటాలు వరసగా కాల్చి, ఇక చాలు అని పక్కన పెడుతుంటారు.

నొప్పి ఒక్కటే సమస్య కాదు. నొప్పి పుట్టిస్తుంది కాబట్టి ప్రాక్టీస్ మానేస్తారు. ప్రాక్టీస్ లేకపోతే గురి తప్పుతుంది. పైగా దెబ్బ గుర్తొచ్చి ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి బిగుసుకుంటుంది, మూతి కిందకు దిగుతుంది. తప్పిన తూటా గాల్లో కలిసిపోదు. అది గోడ దాటి, కారు దాటి ఎవరికో తగులుతుంది. దానికి బాధ్యత కాల్చినవాళ్లదే.

మరీ తేలికైన గన్‌లలో ఇంకో చిక్కు కూడా ఉంది. గన్ జోరుగా వెనక్కి తన్నినప్పుడు సిలిండర్‌లో మిగిలిన తూటాల బుల్లెట్లు తమ గొట్టాల నుంచి కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి. ఒకటి బయటకు పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. రివాల్వర్ అంటే జామ్ కానే కాదు అనే మాట ఇక్కడ తేలిపోతుంది. 340 పీడీ బ్యారెల్ మీదే 120 గ్రెయిన్ల కన్నా తేలికైన బుల్లెట్ వాడొద్దని కంపెనీ హెచ్చరిక చెక్కి ఇస్తుంది. ఏ గన్ కొన్నా దాని మాన్యువల్‌లో ఏ తూటా వాడొచ్చో చదవడం అందుకే ముఖ్యం.

రెండు అంగుళాల బ్యారెల్‌లో మ్యాగ్నమ్ మ్యాగ్నమేనా?

పూర్తిగా కాదు. నాలుగు అంగుళాల బ్యారెల్‌లో 125 గ్రెయిన్ల మ్యాగ్నమ్ బుల్లెట్, అంటే దాదాపు 8 గ్రాముల బుల్లెట్, సెకనుకు 1,400 అడుగులకు పైగా వేగం అందుకుంటుంది. మందు కాలి, వాయువు బుల్లెట్‌ను తోయడానికి ఆ మాత్రం దూరం కావాలి. బ్యారెల్ రెండు అంగుళాలే ఉంటే బుల్లెట్ తొందరగా బయటపడిపోతుంది. మిగిలిన మందు మూతి దగ్గర మంటగా కాలిపోతుంది. అంటే వేగం బాగా తగ్గుతుంది. వెలుగు, చప్పుడు మాత్రం పెరుగుతాయి.

చీకట్లో ఆ వెలుగుకు కాసేపు కళ్లు కనిపించవు. చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. 140 డెసిబెల్స్ దాటిన శబ్దం ఒక్కసారి విన్నా చెవికి శాశ్వత నష్టం జరగొచ్చు. మ్యాగ్నమ్ రివాల్వర్ శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. నాలుగు గోడల మధ్య, చిన్న స్టోర్‌లో, కారులో అయితే చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినపడదు.

ఇంకో జాగ్రత్త. రివాల్వర్‌లో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది. కాల్చినప్పుడు అక్కడి నుంచి వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది. పిస్టల్ పట్టినట్టు వేళ్లు ముందుకు చాపి పట్టుకుంటే కాలడమే కాదు, వేలు తెగేంత గాయం కావచ్చు. చిన్న గన్‌లో ఈ పొరపాటు ఇంకా తేలిక.

మరి మ్యాగ్నమ్ ఎందుకు కొనాలి?

ఇందాక చెప్పిన లాభం ఇక్కడే పనికొస్తుంది. మ్యాగ్నమ్ గన్ కొన్నంత మాత్రాన మ్యాగ్నమ్ తూటాలే వాడాలని రూల్ లేదు. 650-740 గ్రాముల స్టీల్ .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు వేస్తే వెనక్కి తన్నే దెబ్బ బాగా తగ్గుతుంది. ఎక్కువసేపు ప్రాక్టీస్ చేయొచ్చు. గురి కుదురుతుంది. చాలామంది అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఇదే.. గన్ మ్యాగ్నమ్, తూటా .38. చేతుల్లో బలం తక్కువగా ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ అనే మెత్తటి .38 తూటాలు సూచిస్తుంటారు. నిజంగా మ్యాగ్నమ్ శక్తి అవసరమనుకునేవాళ్లు, ఉదాహరణకు ఎలుగుబంట్లు తిరిగే కొండల్లో హైకింగ్ చేసేవాళ్లు, అప్పుడు మాత్రం బరువైన మ్యాగ్నమ్ తూటా వేసుకుంటారు.

జీవితాంతం .38 మాత్రమే వాడే ఉద్దేశం ఉంటే? అప్పుడు మ్యాగ్నమ్ గన్‌కు అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. .38 రివాల్వరే తక్కువలో వస్తుంది.

అలాగే కౌంటర్ మీద పక్కనే ఉండే చిన్న 9 ఎంఎం పిస్టళ్లను కూడా చూడాలి. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఆ తర్వాత అమెరికా పోలీసులు రివాల్వర్లు వదిలి పిస్టళ్ల వైపు వేగంగా మళ్లారు. కారణం తూటాల సంఖ్య, మళ్లీ నింపే వేగం. ఇవాళ జేబులో పట్టే పిస్టల్‌లోనే పది తూటాలు పడుతున్నాయి. రివాల్వర్‌లో ఐదు. అయితే పిస్టల్‌కు స్లైడ్ వెనక్కి లాగే బలం కావాలి, మ్యాగజైన్ తీసినా ఛాంబర్‌లో తూటా ఉండిపోవచ్చన్న ఎరుక కావాలి. రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తీస్తే నిండిందో ఖాళీనో కంటికే కనిపిస్తుంది. ఏది ఎక్కువ అన్నది మనిషిని బట్టే ఉంటుంది.

కౌంటర్ దగ్గర చూడాల్సినవి

ట్రిగ్గర్.. ఇలాంటి గన్‌లలో చాలావాటికి విడిగా సేఫ్టీ బటన్ ఉండదు. పొడవుగా, బరువుగా ఉండే ట్రిగ్గరే సేఫ్టీ. నొక్కడానికి 10 నుంచి 12 పౌండ్ల బలం పట్టొచ్చు. షాపువాళ్లను అడిగి, ఖాళీ గన్‌ను సురక్షిత దిశలో పెట్టి వరసగా ఐదుసార్లు నొక్కి చూడాలి. మూడోసారికే వేలు వణికితే ఆ గన్ మనది కాదు.

హ్యామర్.. బయటకు పొడుచుకొచ్చే హ్యామర్ చొక్కాకు, జేబు అంచుకు చిక్కుకుంటుంది. దాచుకుని తిరిగేందుకు హ్యామర్ లోపలే ఉండే మోడళ్లు నయం.

గ్రిప్.. చిన్న గ్రిప్ బాగా దాగుతుంది, కానీ చిటికెన వేలికి చోటు ఉండదు. దెబ్బ ఎక్కువ తెలుస్తుంది. రబ్బరు గ్రిప్ దెబ్బ తగ్గిస్తుంది, కానీ బట్టకు పట్టుకుంటుంది.

సైట్స్.. చాలా చిన్న రివాల్వర్లలో గురి చూసే గాడి మరీ సన్నగా ఉంటుంది. కళ్లద్దాలు వాడేవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి.

అన్నింటికన్నా మంచిది.. కొనే హక్కు ఉన్నవాళ్లు ముందు రేంజ్‌లో రెండు మూడు మోడళ్లు అద్దెకు తీసుకుని కాల్చి చూడటం. ఒక్క గంట ఖర్చు, తర్వాతి పశ్చాత్తాపం కన్నా చవక.

గన్ ధర ఒక్కటే ఖర్చు కాదు

టారస్ లాంటివి 400 డాలర్ల దరిదాపుల్లో దొరికితే, 340 పీడీ లాంటివి వెయ్యి దాటుతాయి. కానీ లెక్క అక్కడితో ఆగదు. మంచి హోల్‌స్టర్, సేఫ్, ప్రాక్టీస్ తూటాలు, ట్రైనింగ్ క్లాస్, కొన్ని రాష్ట్రాల్లో పర్మిట్ ఫీజు.. అన్నీ కలిపి చూసుకోవాలి. బడ్జెట్ మొత్తం గన్‌కే పెట్టేసి, క్లాస్‌కు డబ్బుల్లేవనడం పెద్ద తప్పు.

హోల్‌స్టర్ విషయంలో రాజీ వద్దు. ట్రిగ్గర్ పూర్తిగా కప్పబడాలి. జేబులో పెట్టుకుంటే పాకెట్ హోల్‌స్టర్‌లోనే పెట్టాలి. ఆ జేబులో తాళంచెవులు, చిల్లర, పెన్ను.. ఏవీ ఉండకూడదు. చిన్న తాళంచెవి ట్రిగ్గర్ సందులో దూరినా ప్రమాదమే. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటే ఇంకో తలనొప్పి. బ్యాగ్ సోఫా మీద పెట్టి వంటింట్లోకి వెళ్తే, పిల్లల చెయ్యి ముందు వెళ్లేది ఆ బ్యాగ్ దగ్గరికే.

రాష్ట్రం దాటితే రూల్ మారుతుంది

2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో కీలక తీర్పు ఇచ్చింది. గన్ బయటకు తీసుకెళ్లాలంటే ప్రత్యేక కారణం చూపించాలన్న న్యూయార్క్ పాత చట్టాన్ని కొట్టేసింది. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు పర్మిట్ లేకుండానే దాచుకుని తిరగొచ్చు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి ఈ రూల్ ఉంది.

అలాగని దేశమంతా ఒకటే రూల్ అనుకోవద్దు. టెక్సాస్ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లదు, కాలిఫోర్నియాలో చెల్లదు, న్యూయార్క్‌లో చెల్లదు. ఫ్రిస్కోలో రోజూ జేబులో పెట్టుకుని తిరిగే గన్‌తో ఎడిసన్‌లో బంధువుల పెళ్లికి వెళ్తే నేరుగా క్రిమినల్ కేసే. న్యూజెర్సీలో ఇంకో మెలిక ఉంది. హాలో పాయింట్ బుల్లెట్లను బయట వెంట పెట్టుకోవడంపై అక్కడ ఆంక్షలున్నాయి. మిగతా చోట్ల ఆత్మరక్షణకు మామూలుగా అమ్మే తూటాలు అవే.

సొంత రాష్ట్రంలోనూ పోస్టాఫీసులు, ఫెడరల్ భవనాలు, స్కూళ్ల దగ్గర నిబంధనలు వేరు. టెక్సాస్‌లో షాపుల తలుపుల మీద 30.06, 30.07 అని బోర్డులు కనిపిస్తే, గన్‌తో లోపలికి రావొద్దని ఓనర్ చెప్తున్నట్టు. కౌంటర్ వెనుక పనిచేసేవాళ్లు స్టోర్ ఓనర్ అనుమతి కూడా చూసుకోవాలి.

ఇంట్లో పిల్లలుంటే..

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన భాగం. అమెరికాలో ఏటా తుపాకీ మరణాలు 40 వేలకు పైనే ఉంటున్నాయి. అందులో సగానికి పైగా హత్యలు కావు.. ఆత్మహత్యలు. 2020 నుంచి పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకులే అని అక్కడి ఆరోగ్య గణాంకాలు చెబుతున్నాయి. గన్ శుభ్రం చేస్తుండగా పేలి తెలుగు విద్యార్థి చనిపోయాడన్న వార్త కూడా మనం విన్నాం.

ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఇంట్లో ఎవరైనా మనసు బాగోలేక ఉంటే.. ఆ రోజుల్లో ఇంట్లో గన్ లేకపోవడమే పెద్ద రక్షణ. ముందే ఉంటే కొన్నాళ్లు ఇంటికి దూరంగా సురక్షితంగా భద్రపరిచే మార్గం చూడాలి. ఆ ఒక్క నిర్ణయం ప్రాణం నిలబెడుతుంది.

ఒంటి మీద లేని ప్రతి నిమిషం గన్ తాళం వేసిన సేఫ్‌లోనే ఉండాలి. బీరువా పైన బట్టల కింద పెట్టాం, పిల్లలకు తెలియదులే అనుకోవద్దు. పిల్లలకు తెలియని చోటు ఇంట్లో ఉండదు.

ఎయిర్‌పోర్టులో.. ఇండియా ప్రయాణంలో

2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీ చెక్‌లో 6,737 గన్‌లు దొరికాయి. 90 శాతానికి పైగా తూటాలు నింపి ఉన్నవే. చాలామంది చెప్పే మాట "మర్చిపోయాను" అనే. కానీ మర్చిపోయినా వేల డాలర్ల జరిమానా పడే అవకాశం ఉంది. దేశం లోపల విమానంలో తీసుకెళ్లాలంటే గన్ ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర చెప్పి లగేజీలో వేయాలి.

ఇండియా వచ్చేటప్పుడు మరింత జాగ్రత్త. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగ్‌నే సంక్రాంతి ప్రయాణానికి వాడి, అడుగున ఒక్క తూటా మిగిలిపోతే? శంషాబాద్‌లోనో, ఢిల్లీలోనో స్కానర్‌లో పడితే ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. తెలియక జరిగిందని కోర్టులో నిరూపించుకోవచ్చేమో కానీ, నెల రోజుల సెలవు పోలీస్ స్టేషన్, లాయర్ ఆఫీసు మధ్యే గడిచిపోతుంది. అందుకే రేంజ్ బ్యాగ్ వేరు, ప్రయాణం బ్యాగ్ వేరు.. ఇది రూల్‌గా పెట్టుకోవాలి.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ ఉంటేనే గన్. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనర్ లైసెన్స్ ఇస్తారు. ప్రాణహాని ఉందని చూపించాలి, పోలీసు విచారణ జరుగుతుంది. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే పరిమితి. 9 ఎంఎం సామాన్యులకు నిషిద్ధం. అందుకే ఇక్కడ లైసెన్స్‌దారుల దగ్గర ఎక్కువగా కనిపించేది .32 రివాల్వర్. 2014లో మహిళల కోసమంటూ కాన్పూర్ ఫ్యాక్టరీ తెచ్చిన 500 గ్రాముల నిర్భీక్ కూడా .32నే.

చివరిగా..

కొనే హక్కు ఉండి, నేర్చుకునే ఓపిక ఉండి, ఇంట్లో సేఫ్ ఉన్నవాళ్లకు మధ్యరకం బరువున్న స్టీల్ .357 రివాల్వర్, అందులో .38 తూటాలు.. ఇది మొదటి గన్‌గా ఆలోచించదగ్గ ఎంపిక. మరీ తేలికైన మ్యాగ్నమ్‌లు అనుభవం ఉన్నవాళ్ల కోసం. మొదటిసారి కొనేవాళ్ల కోసం కాదు.

ఆ హక్కు లేనివాళ్లకు, అంటే మన స్టూడెంట్లలో, హెచ్-1బీల్లో చాలామందికి, సమాధానం గన్ కానే కాదు. నైట్ షిఫ్ట్‌లో ఒంటరిగా ఉండకుండా చూసుకోవడం, కౌంటర్‌కు అద్దం, పనిచేసే కెమెరాలు, పానిక్ బటన్ ఓనర్‌ను అడగడం, గల్లాలో తక్కువ డబ్బు ఉంచడం, దొంగ వచ్చి గన్ చూపిస్తే ఎదురు తిరక్కుండా డబ్బు ఇచ్చేయడం.. ఇవే కాపాడతాయి.

గన్ కొన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. గల్లాలో ఉన్న రెండు వందల డాలర్ల కోసం ఏ తూటా అవసరం లేదు. రాత్రి షిఫ్ట్ ముగిసి, తెల్లారి ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నా అమ్మా" అని చెప్పగలగడమే అసలు సేఫ్టీ.